జపనీస్ విజువల్ నవలల్లో కామెడీ ఎందుకంత బాగా పండుతుంది?

సేవ్‌స్లాట్_7
శుక్రవారం, రాత్రి 10:12

ఒకే సీను. అనిమేలో చూస్తే చిరునవ్వుతో సరిపెడతాం, విజువల్ నవలలో, అంటే తెర మీద బొమ్మలతో పాటు చదువుకుంటూ పోయే కథా గేమ్‌లో, చదివితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. క్లానాడ్ అనే గేమ్‌లో హీరో తొమోయా స్నేహితుడు సునోహరా ఉన్న సీన్లన్నీ దాదాపు ఇంతే. 2004లో కీ సంస్థ ఆ గేమ్‌ను మొదట విడుదల చేసినప్పుడు పాత్రలకు గొంతులే లేవు, వాయిస్ తర్వాతి వెర్షన్లలో వచ్చింది. బొమ్మలు కదలవు. నిలబడి ఉండే స్ప్రైట్ (పాత్ర బొమ్మ), మార్చి మార్చి వాడే కొన్ని ముఖభావాలు, కింద రెండు మూడు లైన్ల పెట్టె, వెనకాల మ్యూజిక్. ఇంత తక్కువ సరంజామాతో అంత నవ్వు ఎలా పుడుతోంది?

నాకు తోచింది చెప్తాను. జోకు ఏమిటన్నది రచయిత చేతిలో ఉంటుంది, అది ఎప్పుడు పేలాలన్నది మన వేలి చివర ఉంటుంది. క్లిక్ చేస్తే గానీ తర్వాతి మాట రాదు. సునోహరా గొప్పగా ఏదో ప్రకటిస్తాడు, పెట్టె నిండుతుంది, ఆగుతుంది. ఇప్పుడు తొమోయా వీడిని ఎక్కడో దెబ్బ కొడతాడని మనకు తెలుసు. తెలిసీ మనమే నొక్కుతాం. టీవీ ముందు కూర్చున్నవాడికి ఈ భాగస్వామ్యం దొరకదు.

మీరేమంటారు? స్పాయిలర్ (కథ మలుపులు బయటపెట్టే మాట) ఉంటే ముందే హెచ్చరించండి, కొత్తగా చదివేవాళ్లు కూడా ఉన్నారు ఇక్కడ.

ఓరుగల్లు_రీడర్
శుక్రవారం, రాత్రి 10:40

క్లిక్ సంగతి ఒప్పుకుంటాను అన్నా, కానీ పెట్టె ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. క్లానాడ్, స్టైన్స్ గేట్ లాంటి వాటిలో కింద చిన్న పెట్టె. పాత మాట చెరిగిపోయి కొత్తది వస్తుంది, అంటే ప్రతి మాటా ఒంటరిగా మన ముందుకు వస్తుంది. ఫేట్ స్టే నైట్, హిగురాషిల్లో అలా కాదు, అక్షరాలు స్క్రీనంతా పరుచుకుంటాయి. అక్కడ పాత్ర ఎనిమిది లైన్ల గొప్పలు చెప్పుకుంటే అవన్నీ పైన అలాగే నిలిచి ఉంటాయి. అట్టడుగున ఒక్క చిన్న లైను వచ్చి గాలి తీసేస్తుంది. కళ్లు మళ్లీ పైకెళ్లి ఆ గొప్పలను ఇంకోసారి చదువుతాయి, రెండో నవ్వు అప్పుడొస్తుంది. రెండు పద్ధతులకూ రాసే తీరు వేరు. ఒకదానికోసం రాసిన జోకును ఇంకోదాంట్లో పెడితే చప్పబడిపోతుంది.

ఇంకోటి, మ్యూజిక్. హుషారైన ట్యూన్ నడుస్తూ నడుస్తూ సరిగ్గా ఆ క్లిక్ దగ్గర టక్కున ఆగిపోవడం. ఎన్నిసార్లు విన్నా నాకు పనిచేస్తుంది.

మూగరేడియో
శుక్రవారం, రాత్రి 11:05

> పాత్రలకు గొంతులే లేవు

గొంతును అంత తేలిగ్గా తీసేయకండి. డాంగన్‌రోంపాలో (2010) మోనోకుమాను తీసుకోండి. సగం తెల్ల, సగం నల్ల ఎలుగుబంటి బొమ్మ, పిల్లల్ని ఒక స్కూల్లో బంధించి ఒకరినొకరు చంపుకోమంటుంది. మొదటి రెండు గేమ్స్‌లో దానికి జపనీస్ గొంతు ఇచ్చింది నోబుయో ఓయామా. ఆవిడ 1979 నుంచి 2005 వరకు టీవీలో డోరేమాన్ గొంతు! జపాన్‌లో ఒక తరమంతా చిన్నప్పుడు ఆ గొంతు వింటూ అన్నం తిన్నది. అదే గొంతు ఇప్పుడు శిక్ష పడిన పిల్లాడిని ముద్దుముద్దుగా ఆటపట్టిస్తుంది. నవ్వాలో భయపడాలో తెలియని ఆ స్థితిని అక్షరాలతో మాత్రమే తెప్పించడం అయ్యే పని కాదు.

సేవ్‌స్లాట్_7
శుక్రవారం, రాత్రి 11:11

ఈ ఉదాహరణ బాగుంది. కానీ అక్కడ నవ్వు వస్తున్నది బయట నుంచి తెచ్చుకున్న జ్ఞాపకం వల్ల కదా? డోరేమాన్‌ను జపనీస్‌లో వినని మనలాంటివాళ్లకు కూడా మోనోకుమా నవ్వు తెప్పిస్తోంది. అది మాటల్లో ఉన్న బలం.

మూగరేడియో
శుక్రవారం, రాత్రి 11:20

మనకు సగమే అందుతోంది అంటాను. ఆ సగం కూడా బాగుందంటే రచయిత గట్టివాడు, కాదనను.

పాలకొల్లు_పిల్లోడు
శనివారం, ఉదయం 7:30

అందరికీ నమస్కారం. క్లిక్, పెట్టె, గొంతు అన్నీ సరే, వీటన్నిటికీ అడుగున మన్‌జాయ్ ఉంది. జపాన్‌లో, ముఖ్యంగా ఒసాకా వైపు, ఇద్దరు నిలబడి చేసే హాస్యం. ఒకడు బోకే, తలాతోకా లేని మాట అంటాడు. ఇంకొకడు త్సుక్కోమి, వెంటనే 'ఏంటా మాట' అని అందుకుంటాడు. విజువల్ నవలల్లో కామెడీ చాలావరకు ఈ జంట మీదే నడుస్తుంది.

మన అష్టావధానం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అప్రస్తుత ప్రసంగి పద్యం మధ్యలో దూరి, 'అవధాని గారూ, పొద్దున ఇడ్లీ తిన్నారా, దోసె తిన్నారా' అని అడ్డుపడతాడు. అవధాని ధార తప్పకుండా చమత్కారంగా తిప్పికొడతాడు. సభ ఎదురుచూసేది ఆ తిప్పికొట్టడం కోసమే.

విజువల్ నవలలో ఉన్న ప్రత్యేకత ఏంటంటే, కథ చెప్పేవాడే త్సుక్కోమి. తొమోయా బయటికి ఒక మాట అంటాడు, మనసులో ఇంకో మాట అనుకుంటాడు, మనం రెండూ చదువుతాం. ఏస్ అటార్నీ అనే కోర్టు గేమ్‌లో (మొదటిది 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది) ఫీనిక్స్ మనసులో అనుకునే మాటలు నీలిరంగులో, బ్రాకెట్లలో వస్తాయి. సాక్షి పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంటే కోర్టులో మర్యాదగా నిలబడ్డ లాయరు లోపల ఏమనుకుంటున్నాడో ఆ నీలి అక్షరాలు చెప్తాయి. ఆ రంగు కనబడగానే నాకు సగం నవ్వు వచ్చేస్తుంది.

ఓరుగల్లు_రీడర్
శనివారం, ఉదయం 8:15

పోలిక బాగుంది గానీ ఒక తేడా ఉంది. అవధానంలో చప్పట్లు పడేది తిప్పికొట్టిన మాటకి. మన్‌జాయ్‌లో నవ్వు బోకే మాటలోనే ఉంటుంది, త్సుక్కోమి దాన్ని 'ఇదిగో, ఇక్కడ నవ్వండి' అని పట్టి చూపిస్తాడు. అందుకే చాలా నాసిరకం విజువల్ నవలల్లో త్సుక్కోమి అరుపులు ఎక్కువైపోయి విసుగొస్తుంది. జోకు వెయ్యడం, వెంటనే హీరో అరవడం, మళ్లీ జోకు, మళ్లీ అరుపు. పాఠకుడికి తనంతట తాను నవ్వే సందే ఇవ్వరు.

గ్రిసాయా నో కజిత్సు (2011) ఈ విషయంలో తెలివైనది. హీరో యూజి ఎంత అసంబద్ధమైన మాటైనా వాతావరణ వార్తలు చదివినట్టు చెప్తాడు. మిచిరు జుట్టుకి రంగేసుకుని, ఎక్కడో చూసి నేర్చుకున్న కోపిష్టి అమ్మాయి వేషం వేస్తుంది. యూజి దాన్ని చాలా మర్యాదగా, ఓపిగ్గా విశ్లేషిస్తాడు. అరిచేవాడు ఎవడూ లేడు కాబట్టి ఆ 'ఏంటా మాట' అనే పని మనమే చెయ్యాల్సి వస్తుంది. (పెద్దల కంటెంట్ ఉన్న గేమ్, చూసుకుని మొదలుపెట్టండి.)

స్టైన్స్ గేట్‌లో (2009) మొత్తం తిరగబడుతుంది. అక్కడ కథ చెప్పేవాడే బోకే. ఒకాబె తనను తాను హోఉఇన్ క్యోమా అనే పిచ్చి శాస్త్రవేత్తగా చెప్పుకుంటూ, అవతల ఎవరూ లేని ఫోన్లో 'సంస్థ నన్ను వెంటాడుతోంది' అని మాట్లాడుతుంటాడు. మొదట్లోనే రేడియో కైకాన్ అనే భవనంలో కురిసు అనే అమ్మాయి ఆ ఫోన్ లాక్కుని చూస్తుంది. ఆఫ్‌లో ఉంది. వాడు తడుముకోడు, 'నేను తప్ప వేరేవాళ్లు ముట్టుకుంటే దానంతటదే ఆఫ్ అయ్యే ప్రత్యేకమైన ఫోన్ అది' అంటాడు. ఆ సమాధానం వచ్చేలోపు వాడు లోపల ఎంత కంగారు పడ్డాడో మనం చదువుతాం. కురిసు చదవలేదు కదా! వాడి బుర్రలో మనం కూర్చుని ఉన్నాం కాబట్టే ఆ సీను అంత బాగా పండింది.

పాలకొల్లు_పిల్లోడు
శనివారం, ఉదయం 8:22

కథకుడే బోకే అన్న మాట చాలా బాగా పట్టుకున్నావు తమ్ముడూ. ఒకాబె అలా పిలిచినప్పుడల్లా కురిసు 'నా పేరు క్రిస్టీనా కాదు' అని ఎన్నిసార్లు అరిచినా విసుగు రాకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటా. ఆ అరుపులో మన గొంతు ఉంది.

నీలిపావురం
శనివారం, మధ్యాహ్నం 1:48

ఇంతసేపు ఎవరూ హటోఫుల్ బాయ్‌ఫ్రెండ్ పేరెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 2011లో హటో మోవా చేసిన చిన్న గేమ్, 2014లో రీమేక్ వచ్చింది. పావురాలు చదివే స్కూల్లో మనం ఒక్కరమే మనిషి. మనసు పారేసుకోవాల్సింది పావురాల మీద. స్ప్రైట్లు నిజం పక్షుల ఫొటోలు. హీరోయిన్ గుహలో ఉంటుంది. లెక్కల టీచర్ ఒక కంజుపిట్ట, పాఠం మధ్యలో నిద్రపోతాడు. ఒకోసాన్ అనే పావురానికి లోకంలో పుడ్డింగ్ తప్ప ఇంకేమీ పట్టదు.

ఇది విని 'ఒక్క జోకు, అయిదు నిమిషాల్లో అయిపోతుంది' అనుకుంటారు. అలా అయిపోకపోవడానికి కారణం, గేమ్‌లో ఎవరూ దీన్ని జోకుగా చూడరు. ఏ పాత్రా మన వైపు తిరిగి కన్ను కొట్టదు. ఒక విసనకర్ర తోక పావురం ఫొటో, కింద అచ్చమైన ప్రేమకథ డైలాగు, వెనక విషాద సంగీతం. అంత శ్రద్ధగా చెప్తారు కాబట్టి మెల్లగా మనం కూడా నమ్మడం మొదలుపెడతాం. రోజులు గడిచేకొద్దీ ఆ ఫొటోలో నిజంగా దిగులు కనిపిస్తుంది. అన్ని రూట్లూ (ఒక్కో పాత్రతో నడిచే కథాదారులు) అయ్యాక తెరుచుకునే పెద్ద కథ గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా చెప్పను. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్లు అక్కడ నవ్వరు.

ఒక ఫిర్యాదు కూడా ఉంది, ఇంత పొగుడుతున్నాం కాబట్టి చెప్పాలి. హీరో కాలు జారి హీరోయిన్ మీద పడటం, తలుపు తియ్యగానే ఆమె బట్టలు మార్చుకుంటూ ఉండటం, చెంపదెబ్బ. ఈ 'కామెడీ' ఎన్ని గేమ్స్‌లో ఉందో! ఆడపిల్లగా ఇబ్బందిగా ఉంటుందన్నది ఒక మాట. రాత పరంగా కూడా అది పనికిరాని జోకు. ఎవరి మీద ఎవరు పడ్డా ఒకటే, పాత్రల పేర్లు మార్చినా సీను మారదు. ఒకాబె ఫోన్ జోకును ఇంకో పాత్రకు ఇవ్వగలరా? ఇవ్వలేరు. నేను మంచి జోకుకి పెట్టే పరీక్ష ఇదే.

మూగరేడియో
శనివారం, మధ్యాహ్నం 2:10

అక్కా, చివరి పేరా అక్షరాలా నిజం.

అర్ధరాత్రి_రూట్
శనివారం, రాత్రి 9:55

డాలస్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ ఇప్పుడే పొద్దెక్కుతోంది. అందరూ ఒక సీను, ఒక జోకు గురించి మాట్లాడుతున్నారు. నాకు విజువల్ నవలల్లో కామెడీ అసలు బలం నిడివిలో కనిపిస్తుంది. రెండు గంటల సినిమాలో ఒక జోకును మూడు సార్లు వాడితే గొప్ప. ఇక్కడ ముప్పై నలభై గంటలు పాత్రలతో ఉంటాం. జోకు అలవాటు అవుతుంది, అలవాటు మీద ప్రేమ పుడుతుంది, ఆ తర్వాత రచయిత దాన్ని తీసుకెళ్లి ఏమైనా చెయ్యొచ్చు.

[స్పాయిలర్: మవ్-లవ్]
2003లో వచ్చిన మొదటి భాగం ఎక్స్‌ట్రా పక్కా స్కూల్ కామెడీ. హీరో తకేరు నిద్రలేచేసరికి పక్కలో ఎవరో తెలియని అమ్మాయి, మేయా. డబ్బున్న పిల్ల. ఆమె మనుషులు చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించి నేలమట్టం చేసేస్తారు, వీడి ఇల్లూ పక్కింటి సుమికా ఇల్లూ మిగులుతాయి. పిచ్చి అతిశయోక్తి, హాయిగా నవ్వుతాం. తర్వాతి భాగం అన్‌లిమిటెడ్‌లో తకేరు అలాగే నిద్రలేస్తాడు, అలాగే తలుపు తీస్తాడు. ఊరంతా శిథిలం. సుమికా ఇంటి మీద కూలిపోయిన యుద్ధ రోబో. మొదట వాడు కూడా 'ఇదేదో మేయా పనే' అన్నట్టు తేలిగ్గా ఉంటాడు, లేకపోతే కల అనుకుంటాడు. వాడిలో ఆ హుషారు ఇంకా పోలేదు, మనలో మాత్రం పోయింది. ఎక్స్‌ట్రా బోర్ కొడుతోందని స్కిప్ చేసినవాళ్లకు ఈ దెబ్బ తగలదు.
[స్పాయిలర్ ముగిసింది]

ఓరుగల్లు_రీడర్
శనివారం, రాత్రి 10:20

మీరు చెప్పింది నిజమే గానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. 'తర్వాత ఏడిపించడానికే ముందు నవ్విస్తారు' అంటే కామెడీని కూలిపనికి పెట్టినట్టు అవుతుంది. చాలామంది రివ్యూల్లో 'మొదటి పది గంటలు ఓపిక పట్టండి, తర్వాత బాగుంటుంది' అని రాస్తారు. ఆ పది గంటలు వాటంతటవి బాగుండాలి కదా? లిటిల్ బస్టర్స్ (2007) చూడండి. స్కూల్లో కొట్లాటలకు కూడా నియమం ఉంది: గుమిగూడినవాళ్లు విసిరిన పనికిమాలిన వస్తువే ఆయుధం, ఓడినవాడికి గెలిచినవాడు ఒక అవమానకరమైన బిరుదు తగిలిస్తాడు. కండల మసాటో ఆ బిరుదు మోసుకుంటూ తిరుగుతాడు. దాన్నుంచి ఏ విషాదమూ రాకపోయినా ఆ ఆట ఆడటం సరదాయే. కీ వాళ్ల కామెడీ నాకు అందుకే ఇష్టం.

అర్ధరాత్రి_రూట్
శనివారం, రాత్రి 10:48

కూలిపని అనలేదు బ్రో. ఒకే సంఘటన నవ్వుగానూ భయంగానూ రెండు రకాలుగా చదవబడటం గురించి చెప్తున్నాను. దీనికి హిగురాషి కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

[స్పాయిలర్: హిగురాషి మొదటి భాగం, ఆ తర్వాతి జవాబు]
2002లో కామికెట్ అనే అభిమానుల సంతలో మొదటి భాగం అమ్మారు. ర్యూకిషి07 రాసింది. ఇందులో ఎంచుకోవడానికి ఆప్షన్లే లేవు, చదువుకుంటూ పోవడమే. హినమిజావా అనే పల్లె, స్కూలు పిల్లల క్లబ్బు, రోజూ ఏదో ఒక ఆట, ఓడినవాళ్లకు శిక్ష. పిచ్చి బట్టలు వేసుకుని ఊళ్లో నడవడం లాంటివి. గంటల కొద్దీ ఇదే. ఆ తర్వాత ఊళ్లో హత్యల సంగతి తెలిసి హీరో కేఇచికి స్నేహితుల మీద అనుమానం మొదలవుతుంది. జ్వరమని బడికి వెళ్లని రోజు రెనా, మియోన్ ఓహగి అనే తీపి అన్నపు ముద్దలు తెస్తారు. ఏది ఎవరు చేశారో చెప్పాలి, అదే నీ క్లబ్ హోంవర్క్ అంటారు. పూర్తిగా మొదటి గంటల్లోని ఆటే. వాళ్లు వెళ్లాక కేఇచి ఒకటి కొరుకుతాడు. లోపల సూది.

తర్వాతి భాగాల్లో తెలుస్తుంది, అందులో సూది లేదు. టబాస్కో సాస్ కలిపారు, మామూలు క్లబ్ చిలిపి. వాడి భయమే ఆ మంటను సూదిగా మార్చింది.
[స్పాయిలర్ ముగిసింది]

ఆ ఆటలు మొదట నిజంగా సరదాగా లేకపోతే ఈ మలుపు పనిచెయ్యదు. కాబట్టి 'పది గంటలు వాటంతటవి బాగుండాలి' అన్న నీ మాటకే నేను సాక్ష్యం చెప్తున్నాను. ఇంకో మాట. అదే సీనులో వాడు నవ్వేసి ఉంటే కథ ఎటు పోయేదో ఆలోచించు. ఒక హాస్యాన్ని హాస్యంగా తీసుకోలేకపోవడం ఇంత ఘోరానికి దారి తీసిన కథ నేను ఇంకెక్కడా చదవలేదు.

నీలిపావురం
శనివారం, రాత్రి 11:02

ఓహగి సీను అప్పట్లో చదివి రెండు రోజులు సరిగా తినలేదు. ఆ జవాబు తెలిసినప్పుడు కలిగిన బాధ ఇంకా ఎక్కువ.

సేవ్‌స్లాట్_7
ఆదివారం, ఉదయం 10:05

నేను మొదలుపెట్టిన క్లిక్ దగ్గరికే వస్తాను, ఇంకో మెట్టు ఉంది: ఎంపిక. క్లానాడ్‌లో ఫూకో తన చెక్క స్టార్‌ఫిష్‌ను హత్తుకుని మైమరచిపోతుంది, కళ్లు మెరుస్తూ ఎక్కడికో వెళ్లిపోతుంది. ఆ కాసేపట్లో ఏం చిలిపి పని చెయ్యాలో గేమ్ మనల్నే అడుగుతుంది. స్ట్రా ముక్కులో పెట్టి జ్యూస్ తాగించడం దాకా ఉంటుంది. అన్నీ చేసి చూస్తే ఫూకో మాస్టర్ అన్న బిరుదు. అనిమేలో ఇవి తొమోయా చేస్తాడు. గేమ్‌లో నేను చేశాను, అందుకే తర్వాత ఆ పిల్ల కథ తెలిసినప్పుడు గుండెకు ఇంకాస్త దగ్గరగా తగిలింది.

పాలకొల్లు_పిల్లోడు
ఆదివారం, ఉదయం 10:30

ఎంపిక అనగానే ఫేట్ స్టే నైట్‌లోని టైగర్ డోజో చెప్పాలి. 2004 నాటి గేమ్. తప్పు ఆప్షన్ నొక్కితే హీరో షిరో చచ్చిపోతాడు, అదీ చాలా దారుణంగా. తెర ఎర్రబడి, మనసు బరువెక్కి ఉండగా ఒక్కసారి డప్పుల మోత లాంటి మ్యూజిక్‌తో కెండో (కర్రకత్తి సాము) నేర్పే డోజో తెరుచుకుంటుంది. టీచర్ తైగా, శిష్యురాలిగా ఇల్యా. ఎందుకు చచ్చావో, ఎక్కడికి వెనక్కి వెళ్లి ఏం మార్చుకోవాలో కేకలేస్తూ చెప్తారు. అసలు కథలో ఇల్యా ఎంత భయం పుట్టిస్తుందో చదివినవాళ్లకు తెలుసు, ఇక్కడ పీటీ డ్రెస్సు వేసుకుని తైగా చేత తిట్లు తింటుంది. హింట్ ఇవ్వడం అనే పొడి పనిని ఇంత సరదాగా చేశారు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఓడిపోయినా కోపం రాదు. నేనైతే డోజో చూడటానికే కావాలని తప్పు ఆప్షన్లు నొక్కేవాడిని.

428 షిబుయా స్క్రాంబుల్ (2008, నింటెండో వీ మీద) కూడా ఈ జాతిదే. బొమ్మలకు బదులు నటులతో తీసిన ఫొటోలు. షిబుయాలో ఒక్క రోజు, పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది వరకు, అయిదుగురి కథ. ఒకరి దారిలో మనం నొక్కిన చిన్న ఆప్షన్ వల్ల ఇంకొకరి కథ హఠాత్తుగా, అర్థంపర్థం లేకుండా ముగిసిపోతుంది. కిడ్నాప్ కేసు ఒకవైపు ఉత్కంఠగా నడుస్తుంటే ఇంకోవైపు పిల్లి వేషం వేసుకున్న తామా, బర్నింగ్ హామర్ అనే డైట్ డ్రింకు అమ్మే గొడవలో ఇరుక్కుని ఉంటుంది. ఫామిత్సు పత్రిక దీనికి 40కి 40 మార్కులు వేసింది.

మూగరేడియో
ఆదివారం, ఉదయం 10:52

ఆప్షన్లతో నవ్వించడంలో ఏస్ అటార్నీ నాలుగో కేసులో చిలకను బోనెక్కించడం మర్చిపోయారా? అంతా అయిపోయింది, ఓటమి ఖాయం, అవతలి ప్రాసిక్యూటర్ వాన్ కర్మా వెటకారంగా చిలకను ప్రశ్నించుకో అన్నట్టు మాట్లాడతాడు. ఫీనిక్స్ నిజంగానే చిలకను సాక్షిగా పిలుస్తాడు. మామూలు సాక్షిని అడిగినట్టే ఒక్కో వాక్యాన్నీ పట్టుకుని అడగాలి. నవ్వుకుంటూనే అడుగుతాం, కానీ ఆ చిలక మాటల్లోనే కేసుకు కావాల్సిన ఆధారం దొరుకుతుంది. జోకుని పూర్తిగా నమ్మి దాని మీద కథ నిలబెట్టారు. నీలిపావురం అక్క చెప్పిన శ్రద్ధ ఇక్కడా అదే.

కొత్త_సభ్యుడు_గుంటూరు
ఆదివారం, సాయంత్రం 6:15

అందరికీ నమస్తే. అనిమే చూస్తాను, విజువల్ నవల ఒక్కటీ చదవలేదు. ఇంగ్లీష్ బాగానే చదువుతాను. కామెడీ కోసం అయితే ఏది ముందు మొదలుపెట్టాలి? మరీ పొడవుగా ఉంటే భయం.

ఓరుగల్లు_రీడర్
ఆదివారం, సాయంత్రం 6:31

పొడవు భయమైతే హటోఫుల్ బాయ్‌ఫ్రెండ్. ఒక్కో రూట్ చిన్నది, ఒక సాయంత్రంలో అయిపోతుంది. నచ్చితే అన్ని రూట్లూ పూర్తి చెయ్యి, చివరి కథ వదలొద్దు.

నీలిపావురం
ఆదివారం, సాయంత్రం 6:40

నా ఓటు ఏస్ అటార్నీకి తమ్ముడూ. కేసులుగా విడగొట్టి ఉంటుంది, ఎక్కడైనా ఆపొచ్చు. మొదటి కేసు చిన్నది, ఆట ఎలా ఆడాలో అందులోనే నేర్పిస్తుంది. అది నచ్చితే స్టైన్స్ గేట్‌కి వెళ్లు. మొదటి కొన్ని గంటలు ఒకాబె వాగుడు ఎక్కువ అనిపిస్తుంది, స్కిప్ చెయ్యకు. పావురాలు తర్వాత చూద్దువు గాని.

సేవ్‌స్లాట్_7
ఆదివారం, సాయంత్రం 7:02

ఏది తీసుకున్నా ఆటో మోడ్ (మాటలు వాటంతటవే ముందుకెళ్లేది) ఆఫ్‌లో ఉంచు. టెక్స్ట్ స్పీడ్ మరీ గరిష్ఠంగా పెట్టకు, అక్షరాలు ఒక్కొక్కటిగా రావడంలో కూడా టైమింగ్ ఉంటుంది. ఏదైనా మాట మిస్సయితే బ్యాక్‌లాగ్ (అయిపోయిన మాటల చిట్టా) తెరిచి చదువుకో. మొదలుపెట్టాక ఇదే థ్రెడ్‌లో రాయి, స్పాయిలర్లు ఇవ్వకుండా మాట్లాడుకుందాం.